నీళ్లెటు పోయినయ్?

కార్ల పని కొత్తగ నేర్చుకుంటున్నోళ్ల కోసం రాస్తున్న. నలభై ఏండ్లు పాన పట్టిన చెయ్యి ఇది, పెన్ను పట్టుకుంటే నిలుస్తలేదు. అక్షరాలల్ల తప్పులుంటే జర సర్దుకోండ్రి. బండ్లల్ల తప్పులకు మాత్రం ఎవ్వరు సర్దుకోరు, అది యాదుంచుకోండ్రి.

నా పేరు అంజయ్య. పుట్టింది షేక్‌పేటల. షెడ్డు కృష్ణానగర్‌ల, డాన్సర్లు, లైట్లు మోసేటోళ్లు కిరాయికుండే గల్లీల. మోకాళ్లు మాట వింటలేవని పోయినేడు బంద్ చేసిన. అప్పటిసంది కలిసినోళ్లందరిది ఒక్కటే మాట. "అంజన్నా, ఎంతమంది హీరోల బండ్లు చేసినవ్, అవన్ని రాయరాదే!" ఏం రాయాలె? ఎవరి సీటు కింద ఏం దొరికిందో రాయాల్నా? నాకు తెల్వదా, తెలుసు. రాయ. మెకానిక్ అన్నోడు బానెట్ కింద చూసింది చెప్తడు, సీటు కింద చూసింది మర్చిపోతడు. మొదటి పాఠం ఇదే అనుకోండ్రి.

నేను రాసేది ఇంజన్ చల్లబడే సంగతి. అందుల ఒక చిన్న వాల్వు సంగతి. దాని మూలంగ నేను చేసిన ఒక తప్పు సంగతి. తప్పు నాది, శిక్ష పడ్డది ఇంకో మనిషికి. అందుకే రాయబుద్ధయింది.

చలిదేశం సామాను

థర్మోస్టాట్ అంటరు. మేము ఉత్త వాల్వు అనేటోళ్లం. అరచేతిల పడుతది. ఇంజన్ చల్లగున్నప్పుడు అది మూసుకొని ఉంటది, నీళ్లు ఇంజన్ లోపల్నే తిరుగుతయి. ఇంజన్ వేడెక్కినంక దాని పొట్టల ఉన్న మైనం కరిగి ఉబ్బుతది, మూత తెరుచుకుంటది, నీళ్లు రేడియేటర్‌కు పోయి సల్లబడి మళ్ల వస్తయి. అంతే. కరెంటు లేదు, వైరు లేదు. దానికదే చూసుకుంటది.

నాకు పని నేర్పింది నర్సింగ్ ఉస్తాద్. ఐటీఐ చదివి, సర్టిఫికెట్ పట్టుకొని పోతే ఆయన దాన్ని అటు ఇటు తిప్పి చూసి, "మంచిగున్నది, ఇంట్ల గోడకు వెట్టుకో" అన్నడు. ఆయన చెవి మామూలు చెవి కాదు. బండి గల్లీ మూల తిరుగుతున్నప్పుడే "మూడో సిలిండర్" అనేటోడు, చాయ్ గ్లాస్ కింద పెట్టకుండ. పెండ్లాంతోని రోజు రెండు డబ్బాలు కట్టించుకొని వచ్చేటోడు, ఒకటి నాకు. నేను వద్దంటే తిట్టేటోడు. ఆయన లేకుంటే నేను లేను, అది నిజం. ఆయనకు ఒక గుణం ఉండె, ఎందుకు అని అడిగితే కోపమొస్తుండె. అదీ నిజమే.

వాల్వు గురించి ఆయన మాట ఒక్కటే. "ఇది చలిదేశపోళ్ల సామాను రా అంజీ. ఆడ మంచు పడుతది, ఇంజన్‌కు వేడి కావాలె. ఈడ మే నెలల మనిషే కాగుతడు, ఇంజన్‌కు వేడెందుకు? తీసెయ్."

తీసేసేటోళ్లం. ఉస్తాద్ ఒక్కడే కాదు, ఈ పట్నంల అప్పుడు ప్రతి షెడ్డు గంతే. బండి సర్వీసుకు వస్తే ఆయిల్ మార్చుడు, ప్లగ్గులు తుడుచుడు, వాల్వు పీకుడు. పీకిన వాల్వులు తీగకు గుచ్చి గోడకు ఏలాడదీసేటోళ్లం, బొంబిల్ చాపలు ఎండబెట్టినట్టు. ఓనర్‌కు చెప్తే ఖుషీ అయ్యేటోడు. వేడి చూపెట్టే మీటర్ ముల్లు కిందికెల్లి లేవకపోతుండె గదా, బండి సల్లగుందని సంబురం.

ఊరికె కూడ అనలే ఉస్తాద్. జూబ్లీహిల్స్ బోరు నీళ్లు మీకు తెల్వదా, గిన్నె కాగబెడితే అడుగున సున్నం. ఆ నీళ్లే రేడియేటర్ల పోసేటోళ్లు. సున్నం పట్టి వాల్వు మూసుకొనే ఉండిపోయేది, బండి కాగేది. వాల్వు తీస్తే కాగుడు తగ్గేది. రోగం నీళ్లది, మేము వాల్వును చంపినం. ఇంజన్ ఎప్పుడు సల్లగ నడిస్తే పెట్రోల్ ఎక్కువ తాగుతది, లోపల తొందరగ అరుగుతది. అది మాకు కనపడలే, ఎందుకంటే అరుగుడు మెల్లగ అయితది, మాకు తిట్లు రావు.

చెయ్యి పెట్టి చూడుండ్రి

ఇప్పుడు మీరు కంప్యూటర్ తగిలిచ్చి చూస్తున్నరు. చూడుండ్రి, మంచిదే. దాని తర్వాత చెయ్యి కూడ పెట్టుండ్రి. బండి సల్లగున్నప్పుడు స్టార్ట్ చేసి, రేడియేటర్ మీది పైపు పట్టుకోవాలె. కొన్ని నిమిషాలు సల్లగనే ఉండి, ఒక్కసారిగ ఉడుకు తగిలితే వాల్వు మంచిగున్నట్టు. మొదటిసంది కొంచెం కొంచెం ఎక్కుతుంటే వాల్వు తెరుచుకొని ఇరుక్కున్నది, లేకుంటే అసలే లేదు. ముల్లు మీదికి పోతున్నా పైపు సల్లగనే ఉన్నదంటే మూసుకొని ఇరుక్కున్నది. ఇది నాలుగు వేళ్లతోని అయ్యే పని. ఫ్యాన్‌కు మాత్రం చెయ్యి దూరం పెట్టుకోండ్రి, నా చిటికెన వేలు చివర చూసినోళ్లకు ఎందుకో చెప్పనక్కర్లే.

సినిమా బండ్లు వేరే తీరు. తిరిగేది తక్కువ, నిలబడి కాగేది ఎక్కువ. షాట్‌కు షాట్‌కు నడుమ మేకప్ చెదరకుండ ఏసీ వేసుకొని బండిల కూసుంటరు, ఎండల, మూడు గంటలు. ముహూర్తం రోజైతే బంతిపూల దండ బండి మూతికి కడ్తరు. వారం దాక తియ్యరు, తీస్తే అపశకునమట. రెక్కలు రాలి లోపలికి పోయి రేడియేటర్‌కు అంటుకుంటయి, గాలి ఆడదు. ఒక ప్రొడ్యూసర్ "బండి కాగుతున్నదయ్యా, ఇంజన్ మార్చాల్నా?" అని పరేషాన్ అయ్యి వస్తే, నేను పాత పళ్లు తోముకునే బ్రష్ పెట్టి పూలు దులిపి పంపిన. ఆయన నమ్మలే. ఇంజన్ మార్చుమంటేనే నమ్ముతుండెనేమో.

ఇంకో పెద్దాయన, కామెడీ వేషాలేసేటోడు, ఫిల్మ్ నగర్‌ల ఉండేటోడు. మే నెలల చెప్పులు చేతుల పట్టుకొని షెడ్డుకొచ్చిండు. "ఏమయ్యా అంజయ్యా, ఏసీ వేస్తే మొహానికి ఊటీ, కాళ్లకి విజయవాడ. ఇదేం రోగం?" అన్నడు. చలికాలంల లోపలికి ఉడుకు గాలి రావాల్నని ఇంజన్ నీళ్లు కొన్ని బండి లోపలికి తెచ్చే పైపు ఒకటుంటది, దానికో వాల్వు. మన దిక్కు దాన్ని ఎవరు ముట్టరు. ముట్టక ముట్టక సున్నం పట్టి సగం తెరుచుకొని బిగుసుకుపోయింది. నీళ్లు లోపలికి పోయే పైపు, తిరిగొచ్చే పైపు పట్టుకొని చూసిన, రెండూ ఉడుకే. వాల్వు మార్చిన. ఆయన కాళ్లు లోపల పెట్టి పది నిమిషాలు కూసోని, "ఇప్పుడు మనిషంతా ఒకే ఊళ్లో ఉన్నాడు" అని నవ్విండు. అసొంటి రోజులు మస్తుగుండె.

అమ్మగారి కారు

ఇప్పుడు అసలు సంగతి. అప్పటికి ఉస్తాద్ ఇంటికాడనే ఉంటుండె, షెడ్డు నేనే చూసుకుంటున్న.

జూబ్లీహిల్స్‌ల ఒకామె ఉండేది, తల్లి వేషాలేసే ఆమె. పేరు రాయ. అందరు అమ్మగారు అనేటోళ్లు, నేను కూడ అంతే. ఆమె డ్రైవర్ మల్లేశన్న. మా షేక్‌పేట మనిషే, నాకన్న ఆరేండ్లు పెద్ద. పదకొండేండ్లు ఆమెకాడ చేసిండు. షర్ట్ జేబుల తెల్ల రుమాలు, బానెట్ మీద పిట్ట రెట్ట కనపడితే అన్నం తినేది కూడ ఆపి తుడిచేటోడు. షెడ్డుకు వస్తే ఊకె కూసోడు. "అంజీ, ఆ నట్టు బిగిచ్చినవా?" అని నా ఎనకనే నిలవడేటోడు. నేను "బిగిచ్చిన్నే పెద్దమనిషీ!" అని కసురుకునేటోణ్ని. ఇద్దరం గట్లనే ఉంటుంటిమి.

అమ్మగారు కొత్త కారు కొన్నది. చలికాలంల సర్వీసుకు వస్తే అలవాటు ప్రకారం వాల్వు పీకిన. అప్పటిదాక మేము చూసిన వాల్వులకు ఒక్కటే మూత. దీనికి కింద ఇంకో చిన్న పళ్లెం, స్ప్రింగు మీద. చూసిన. "ఇదేందిరా, కొత్త డిజైన్" అనుకున్న. ఎందుకున్నదని ఒక్క నిమిషం ఆలోచిస్తే ఇయ్యాల ఈ కథ రాసే పని ఉండకపోతుండె. తీగకు గుచ్చి పనిల పడ్డ.

ఎండాకాలం వచ్చింది. వికారాబాద్ దిక్కు అనంతగిరి గుట్టల మీద షూటింగ్. ఏసీ వేసుకొని పోతున్నరు. ఘాట్ ఎక్కుతుంటే ముల్లు ఒక్కసారిగ లేచింది. మల్లేశన్న ఏసీ బంద్ చేసిండు, పక్కకు ఆపెతందుకు జాగ చూసిండు, మూల మీద జాగ లేదు. రెండు మూలలు తిరిగేసరికి తెల్లటి ఆవిరి లేచి ఇంజన్ బిగుసుకుపోయింది. ఎనక లారీ. అమ్మగారికి అసలే ఉబ్బసం, ఆ ఆవిరిల దిగి రోడ్డు మీద కూలవడ్డదట. లారీ మనిషి బ్రేక్ తొక్కిండు గాబట్టి సరిపోయింది.

బండిని కట్టుకొచ్చి అమ్మగారి పోర్టికోల పెట్టి నన్ను పిలిచిండ్రు. రేడియేటర్ మూత తీసిన. చుక్క నీళ్లు లేవు. పైపులన్ని చూసిన, చిరగలే. పంపు చూసిన, మంచిగున్నది. యాడ కారుడు లేదు.

అమ్మగారు కుర్చీల కూసున్నది, చేతుల మందు పీల్చే డబ్బీ. ఆమె మేనకోడలు, వంటామె, తోట పనాయన అందరు నిలవడి చూస్తున్నరు. "ఏంటి అంజయ్యా, ఏమైంది?" అన్నది.

"నీళ్లు లేవమ్మా. లీకు యాడ లేదు. పొయ్యలే అన్నట్టు" అన్న.

మల్లేశన్న నా దిక్కు చూసిండు. "పోసిన అంజీ. పొద్దుగాల పోసిన."

"పోస్తే ఎటు పోతయన్నా? పైపులన్ని మంచిగున్నయి గదా" అన్న. కోపంగ అనలే. తెలివిగల్లోడి లెక్క అన్న, అది ఇంకా పాడు.

ఆయన రేడియేటర్‌లకు వంగి చూసిండు. "నువ్వు చెప్తున్నవంటే మర్చిపోయి ఉంట" అన్నడు. మెకానిక్ మాట మీద డ్రైవర్‌కు అంత నమ్మకం ఉండె.

అమ్మగారు ఆయనను తిట్టలే. "మల్లేశ్, నిన్నేమీ అనను. పదకొండేళ్లు బాగా చూసుకున్నావు. కానీ ఇక నీ వెనక కూర్చోవడానికి నాకు ధైర్యం చాలదు" అన్నది. ఆయన తాళం కుర్చీ పక్కన బల్ల మీద పెట్టి, రెండు చేతులు జోడిచ్చి, గేటు దాటిపోయిండు. ఆ ఇంజన్ నేనే బాగుచేసిన. అమ్మగారు ఆ బండిని చూస్తేనే భయమని అమ్మేసి వేరే కొన్నది. నా పనికి మెచ్చుకొని చీర పెట్టింది మా ఇంటామెకు. తీసుకున్న.

చాయ్ గిన్నె

రెండేండ్లు గడిచినయి. అదే మోడల్ బండి ఒకటి, ఫిల్మ్ నగర్‌ల ఉండే ఒక ఎడిటర్‌ది. బక్కపల్చటి మనిషి, కళ్లద్దాలు, బండి సొంతంగ నడుపుకుంటడు. దానికి కూడ చలికాలంల నేనే వాల్వు పీకిన. మే నెలల హైవే మీద కాగింది. ముల్లు లేస్తున్నది ఆయన ముందుగాలే చూసి ఆపేసిండు గాబట్టి ఇంజన్ బతికింది. చూస్తే నీళ్లు సగం కంటే తక్కువున్నయి, లీకు లేదు.

"సార్, నీళ్లు పోసినట్టు లేరు" అన్న, నా పాత పాట.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "అంజయ్యగారూ, బయల్దేరే ముందు నా చేత్తో నేనే పోశానండీ. నేను అబద్ధం చెప్తానా?"

బండి నడిపింది ఓనర్. ఓనర్‌ను పట్టుకొని నువ్వు పొయ్యలే అని ఎట్లంటం? అప్పుడు ఆగి ఆలోచన చేసిన. పోసిండు, లీకు లేదు, మరి నీళ్లెటు పోయినయ్? ఈ ప్రశ్న రెండేండ్ల కింద నేనే అడిగిన గని, జవాబు కోసం అడగలే. ఎదుటోడి నోరు మూయిద్దామని అడిగిన. డ్రైవర్ గాబట్టి అడిగిన. ఇది రాస్తుంటే ఇప్పటికి సిగ్గయితది.

కొత్త వాల్వు కొనుక్కొచ్చి, ఇంటికాడ స్టవ్ మీద చాయ్ గిన్నెల నీళ్లు పెట్టి, వాల్వును దారం కట్టి ఏలాడదీసిన. అడుగుకు తగలొద్దు, తగిలితే లెక్క తప్పుతది. మా ఇంటామె సుశీల వచ్చి చూసింది. "అయ్యో నీ పాడుగాను, చాయ్ గిన్నెల ఇనుము ఉడకవెడుతున్నవా! ఇంట్ల వేరే గిన్నె దొరకలేదా?"

"ఆగవే, చూడు ఇటు" అన్న.

నీళ్లు కాగినయి. మీది మూత మెల్లగ తెరుచుకున్నది. అది తెరుచుకుంటున్నకొద్ది, కింది చిన్న పళ్లెం కిందికి జరుగుతున్నది. అప్పుడు సమజైంది. ఈ ఇంజన్‌ల నీళ్లకు రెండు తోవలున్నయి. ఒకటి రేడియేటర్ తోవ, ఒకటి రేడియేటర్‌కు పోకుండ మళ్ల ఇంజన్‌లకే పోయే అడ్డతోవ. వేడెక్కినంక మీది మూత రేడియేటర్ తోవ తెరుస్తది, కింది పళ్లెం అడ్డతోవ మూస్తది. నేను వాల్వు పీకినంక అడ్డతోవ మూసేటోడే లేడు. ఉడుకు నీళ్లు సగం సల్లబడకుండనే తిరుగుతున్నయి. పట్నంల, చలికాలంల తెల్వదు. ఎండల, ఏసీ వేసుకొని, గుట్ట ఎక్కితే కాగి, ఆవిరై, రేడియేటర్ మూతకెల్లి బయటికి పోతయి. నీళ్లు అటు పోయినయ్.

స్టవ్ బంద్ చేసి నేల మీద కూసున్న. సుశీల గాబరా పడ్డది. "ఏమైందయ్యా? కాలిందా?"

"మల్లేశన్న నీళ్లు పోసిండే. నేను పాడు చేసిన ఆయనను" అన్న. అంతా చెప్పిన. చెప్పి, "ఇప్పుడు పోయి ఒప్పుకుంటే ఫిల్మ్ నగర్ డ్రైవర్లందరికి తెలుస్తది. షెడ్డుకు ఒక్క బండి రాదు" అన్న.

ఆమె గిన్నె దింపి, వాల్వు తీసి నా చేతుల పెట్టింది. "రాకుంటే మిర్చీ బండి పెట్టుకుందాం. నువ్వు ముందుగాల పో."

ఎడిటర్ బండికి ఆ వాల్వే బిగిచ్చిన. మళ్ల కాగలే. పీకిన బండ్లన్నిటిని ఒక్కొక్కటి పిలిచి మళ్ల పెట్టిన, అది వేరే కథ. ఉస్తాద్ ఇంటికి పోయి చెప్పిన. "నేను చెప్పిన, నువ్వు చేసినవ్. పాత సంగతి ఇప్పుడెవడు అడుగుతుండు రా?" అన్నడు. మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నేను లేస్తుంటే, "పోతే నా పేరు కూడ చెప్పు" అన్నడు. ఆ మాటకు ఆయన కాళ్లు మొక్కిన.

మల్లేశన్న కాడికి

మల్లేశన్న ఒక అపార్ట్‌మెంట్ గేటు కాడ వాచ్‌మన్ పని చేస్తుండె. అప్పటిసంది స్టీరింగ్ ముట్టలే అని ఊళ్లె విన్న. ఎవరు పిలిచినా పోతలేడట. పొద్దుగాల పదింటికి పోయిన. స్టూల్ మీద కూసున్నడు, జేబుల రుమాలు లేదు.

"ఏంది అంజీ, ఇటొచ్చినవ్?" అన్నడు, మంచిగనే.

నిలవడే చెప్పిన, కూసుంటే చెప్పలేనని. "అన్నా, ఆ రోజు నువ్వు నీళ్లు పోసినవ్."

"ఏ రోజు?" అన్నడు. ఏ రోజో ఆయనకు తెలుసు.

వాల్వు సంగతి, పళ్లెం సంగతి, గిన్నె సంగతి అన్ని చెప్పిన. నడుమ రెండు బండ్లు వచ్చినయి, లేచి గేటు తీసి, మళ్ల వచ్చి కూసున్నడు. అంతా అయినంక అడిగిండు. "అంటే, నేను పోసిన్నా?"

"పోసినవ్."

"మర్చిపోలే?"

"మర్చిపోలే అన్నా. తప్పు నాది. నీది ఇంత కూడ లేదు."

ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని నేల దిక్కు చూసిండు. "రెండేండ్లసంది నా మతి మీద నాకే నమ్మకం పోయింది రా. ఇంటికి తాళం వేస్త, సందు మూల దాక పోతా, మళ్ల వచ్చి చూస్త. గ్యాస్ బంద్ చేసిన్నా అని నీ వదినను మూడుసార్లు అడుగుత. పోసినట్టు కండ్ల ముంగట కనపడుతనే ఉండె. కనపడ్డా నమ్మకపోతి. అమ్మగారిని రోడ్డు మీద సంపబోయిన గదా, ఇంక బండి నడిపే మొఖమేనా ఇది అనుకున్న." ఇంత చెప్పి ఏడ్చిండు. గేటు కాడ, అందరు చూస్తుండంగ. నాకు దగ్గరికి పోవాలెనో వద్దో తెల్వలే. నేను కూడ ఏడ్చిన.

కండ్లు తుడుచుకొని లేచి నిలవడ్డడు. అప్పుడు కోపమొచ్చింది ఆయనకు, నేను ఆయన కోపం చూసుడు అదే మొదలు. "నాతోని చెప్తే ఏమొస్తది? ఆనాడు ఎంతమంది ముంగట అన్నవో అంతమంది ముంగట చెప్పాలె. ఒక్కలు తక్కువుంటే ఒప్పుకోను."

"చెప్త" అన్న.

మళ్ల పోర్టికోల

తెల్లారి ఇద్దరం పోయినం. మల్లేశన్న జేబుల రుమాలు పెట్టుకొని వచ్చిండు. అమ్మగారు పోర్టికోలకే వచ్చింది. మేనకోడలు వచ్చింది, తోట పనాయనను పిలిచిండ్రు. మల్లేశన్న లెక్కపెట్టి, "వంటామె లేదమ్మా" అన్నడు. ఆమె పని మానేసి ఏడాదైందట. అమ్మగారు ఒక్క క్షణం ఆయన మొఖం చూసి, ఫోన్ తీసి వంటామెకు కలిపి స్పీకర్ పెట్టి బల్ల మీద పెట్టింది. "చెప్పు అంజయ్యా, అందరూ ఉన్నారు" అన్నది.

చెప్పిన. పాత వాల్వు చేతుల పట్టుకొని చూపిచ్చుకుంట చెప్పిన. ఉస్తాద్ మాట కూడ చెప్పిన. "ఆ పొద్దు మల్లేశన్న నీళ్లు పోసిండు. వాల్వు పీకి బండి పాడు చేసింది నేను. పొయ్యలే అని ఈడ నిలవడి అన్నది నేను" అన్న.

ముందుగాల ఫోన్ల వంటామె, "నేనప్పుడే అనుకున్నానమ్మా, మల్లేశన్న నీళ్లు మరిచే మనిషి కాదని!" అన్నది.

"అప్పుడే అనుంటే బాగుండేది కదే" అన్నది అమ్మగారు.

"ఇంజన్ కైన ఖర్చు నా మీద వేయండ్రి అమ్మా" అన్న నేను.

"అది బండి సంగతి అంజయ్యా. నువ్వు మనిషి సంగతి చెప్పడానికి వచ్చావు, చెప్పావు. నాకు కోపంగానే ఉంది, కొన్నాళ్లు ఉంటుంది. ఉండనీ" అన్నది. తర్వాత మల్లేశన్న దిక్కు తిరిగింది. "నేను అడగలేదు మల్లేశ్. పదకొండేళ్ల మనిషివి, పోశానన్నావు. నేను నీ మాట వినకుండా వీడి మాట విన్నాను. నన్ను క్షమించు."

"అయ్యో, గట్లనకుండ్రి అమ్మా" అని ఆయన రెండడుగులు ఎనకకు పోయిండు.

ఆమెకాడ అప్పటికి వేరే డ్రైవర్ ఉండె, మంచి పిలగాడు, ఇద్దరు పిల్లలు. వాడి పొట్ట కొట్టలేనని ఆమె ఉన్నదున్నట్టే చెప్పింది. మల్లేశన్న తలకాయ ఊపిండు. "మా స్నేహితురాలికి మనిషి కావాలిట. ఉత్తరం రాసివ్వను, నేనే వచ్చి చెప్తాను. పద" అని, ఆ డ్రైవర్ కాడ తాళం అడిగి తీసుకొని మల్లేశన్న ముంగట పట్టింది.

ఆయన తీసుకోలే. "రెండేండ్లాయె అమ్మా. చెయ్యి తిరుగుతదో లేదో."

"తిరుగుతుంది. నేను వెనక కూర్చుంటాను" అన్నది అమ్మగారు. పోయి కూసున్నది కూడ.

నన్ను ముంగటి సీట్ల కూసోమన్నరు. ఎందుకో నాకిప్పటికి తెల్వదు, సాక్షిగనేమో. మల్లేశన్న తాళం తిప్పిండు. గేటు దాటేదాక మెల్లగ తోలిండు, రోడ్డెక్కినంక గేరు మార్చిండు. ఫిల్మ్ నగర్ దిగువకు తిరిగినంక మాట్లాడుడు మొదలువెట్టిండు. మేమెవ్వరం అడగలే.

"ఆ పొద్దు ఆరింటికే వచ్చిన అమ్మా."

"ఊఁ" అన్నది అమ్మగారు ఎనకకెల్లి.

"బండి తుడిచిన. బానెట్ ఎత్తిన. తోట నల్లా కాడ ఆకుపచ్చ మగ్గు ఉండె, నిండ పట్టుకొచ్చిన."

"ఊఁ."

"మూత తీసిన. సగం మగ్గే పట్టింది. అంచు దాక వచ్చి నిలవడ్డయి నీళ్లు, అండ్ల నా మొఖం కనపడ్డది. మూత బిగిచ్చిన. మిగిలిన సగం పారబొయ్యబుద్ధి గాలే, గేటు పక్కన కనకాంబరం చెట్టుకు పోసిన."

"ఊఁ" అన్నది అమ్మగారు.

అక్కడిదాక చెప్పి, మళ్ల మొదటిసంది చెప్పిండు. ఆమె మళ్ల ఊఁ కొట్టింది.